ఓట్లు అయిపోయాక మొదలయ్యే గొడవలు: విదేశాల ప్రజాస్వామ్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం టవర్ క్లాక్‌కు దగ్గర్లో ఒక మేడ మీది గదిలో గ్రూప్ 2కు చదివే పిల్లలకు పాలిటీ చెబుతాను. అంతకుముందు ముప్పై ఏళ్లు గవర్నమెంటు బడిలో సోషల్ మాస్టారిని. అంటే ఏ ఎన్నికొచ్చినా డ్యూటీ తప్పని మనిషిని. పోలింగ్ ఆఫీసరుగా మొదలుపెట్టి ప్రిసైడింగ్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ఈమధ్య క్లాసు అయిపోయాక పిల్లలు సిలబస్‌లో లేని ప్రశ్నలు అడుగుతున్నారు. ఫలానా దేశంలో ఓట్ల తర్వాత కాల్పులట, అక్కడి కోర్టు ఏం చేస్తుంది, బయటి దేశాలు ఊరుకుంటాయా అని. ఒకే జవాబు బ్యాచ్ బ్యాచ్‌కూ చెప్పి గొంతు పోతోంది. అందుకే రాసి పెట్టాను. ప్రశ్నలు వాళ్లవి, అభిప్రాయాలు నావి.

ఎక్కడో ఆఫ్రికాలో ఓట్ల గొడవైతే మనకెందుకు సార్?

మనకు కాకపోతే ఇంకెవరికప్పా! ఓట్ల రాత్రి తలుపులేసుకుని లైట్లార్పి కూర్చోవడమంటే ఏమిటో మన మూడు జిల్లాల వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 మే 13న పోలింగ్ జరిగింది, ఆ వెంటనే తాడిపత్రిలో రాళ్లు లేచాయి, 144 సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం మన జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది. లెక్కింపు అయ్యాక కూడా పదిహేను రోజులు కేంద్ర బలగాలను రాష్ట్రంలోనే ఉంచమంది. ఆ వారం మా క్లాసుకు తాడిపత్రి పిల్లలు ఒక్కరూ రాలేదు.

ఇంకో సంగతి. మన వైపు ఇంటికొకరు బయటి దేశంలో ఉన్నారు. రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌కు పోయిన వాళ్లకు లెక్కే లేదు. 2024 ఏప్రిల్‌లో ఆ కువైట్‌లో పార్లమెంటుకు ఎన్నికలు జరిగాయి, మే 10న అమీర్ ఆ పార్లమెంటును రద్దు చేసేశారు. అక్కడ గొడవేమీ కాలేదు కాబట్టి మన పేపర్లలో మూలన వేశారు, అంతే.

ఎన్నికల తర్వాతి హింస అంటే, మామూలు పార్టీ గొడవకూ దానికీ తేడా ఏముంది?

ఎప్పుడు మొదలైందో చూడండి. పోలింగ్ ముందు జరిగేది భయపెట్టి ఓటు ఆపడానికి. పోలింగ్ తర్వాత జరిగేది ఫలితాన్ని మార్చడానికో, ఒప్పుకోకపోవడానికో, గెలిచినవాడు ఓడినవాడి మనుషుల మీద కసి తీర్చుకోవడానికో. మన దగ్గర ఎక్కువగా చూసింది ఈ చివరిదే. ఫలితం వచ్చిన రాత్రే ట్రాక్టర్లో బియ్యం మూటలు, పాడి గేదె వేసుకుని అత్తగారి ఊరికి పోయిన కుటుంబాలు నాకు తెలుసు. మళ్లీ అయిదేళ్లకు వాళ్ల పార్టీ గెలిస్తే వీళ్లు రావడం, వాళ్లు పోవడం. ఊరు అదే, ఖాళీ అయ్యే వీధి మారుతుంది.

వేరే దేశాల్లో దేశాధ్యక్షుడి కుర్చీకే ఈ గొడవ వస్తుంది. అప్పుడు ఖాళీ అయ్యేది ఒక వీధి కాదు, జిల్లాలకు జిల్లాలు.

ప్రజాస్వామ్య సంస్థలను కాపాడటం అంటారు కదా, సంస్థలంటే పార్లమెంటు బిల్డింగులా?

బిల్డింగులు కావు. ఓట్లు లెక్కపెట్టేవాళ్లు, ఆ లెక్క మీద ఫిర్యాదు వినేవాళ్లు, విని చెప్పింది అమలు చేసేవాళ్లు. ఓడినవాడికి పోయి చెప్పుకునే చోటు ఒకటుండాలి, ఆ చోటు మీద వాడికి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే కెన్యా సంగతి వివరంగా చెప్పాలి.

అయితే చెప్పండి, కెన్యాలో ఏం జరిగింది?

2007 డిసెంబర్ 27న అక్కడ అధ్యక్ష ఎన్నిక. అధ్యక్షుడు మ్వాయ్ కిబాకి ఒకవైపు, రైలా ఒడింగా ఇంకోవైపు. మొదట్లో వచ్చిన లెక్కల్లో ఒడింగా ముందున్నారు. తర్వాత కొన్ని చోట్ల నుంచి ఫలితాలు రావడం ఆగిపోయింది. ఆలస్యమయ్యే కొద్దీ జనానికి అనుమానం పెరిగింది. లెక్కింపు హాలు మనకు తెలిసిందే కదా, రెండు రౌండ్ల మధ్య అరగంట ఆలస్యమైతేనే బయట పుకార్లు లేస్తాయి. అక్కడ రోజుల తరబడి ఆలస్యమైంది.

డిసెంబర్ 30 సాయంత్రం హాల్లో గలాటా అయింది. ఎన్నికల కమిషన్ ఛైర్మన్ శామ్యూల్ కివుయిటును అక్కడి నుంచి తప్పించి తీసుకుపోయారు. ఆయన ప్రభుత్వ టీవీ ముందు మాత్రమే కిబాకి గెలిచారని ప్రకటించారు. చీకటి పడే వేళకు కిబాకి ప్రమాణ స్వీకారం కూడా అయిపోయింది. టీవీల్లో లైవ్ ప్రసారాలను నిషేధించారు. కొన్నాళ్లకు కివుయిటు, అసలు ఎవరు గెలిచారో తనకు తెలియదని విలేకరుల ముందు అనేశారు. లెక్కపెట్టించిన మనిషే అలా అంటే ఇక ఎవరిని అడగాలి?

ఒడింగా పార్టీ కోర్టుకు పోలేదు. జడ్జీలు కిబాకి మనుషులని వాళ్ల నమ్మకం. కోర్టుకు పోకపోతే మిగిలింది రోడ్డు. నైరోబీలోని కిబెరా మురికివాడలో, కిసుములో, రిఫ్ట్ వ్యాలీలో ఇళ్లు, దుకాణాలు తగలబెట్టారు. పోలీసులు కాల్పులు జరిపారు. 2008 జనవరి 1న ఎల్డొరెట్ దగ్గర కియంబా అనే చోట భయంతో చర్చిలో దాక్కున్న వాళ్లను లోపలే ఉంచి నిప్పు పెట్టారు. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. రెండు నెలల్లో దేశం మొత్తం మీద 1,100 మందికి పైగా చనిపోయారు, లక్షల మంది ఊళ్లు వదిలిపోయారు.

ఓటు కోసమే ఇంత జరిగిందా అంటే, కాదు. భూములు ఎవరివన్న పాత తగాదాలు, తెగల మధ్య పాత పగలు కింద నానుతూనే ఉన్నాయి. మన ఫ్యాక్షన్ ఊళ్లలో కూడా గట్టు తగాదానో నీళ్ల తగాదానో ముందుంటుంది, పార్టీ జెండా తర్వాత వస్తుంది. ఎన్నిక దానికి ముహూర్తం మాత్రమే.

బయటివాళ్లు వచ్చి ఏం చేశారు?

ఆఫ్రికా దేశాల కూటమి ఆఫ్రికన్ యూనియన్ తరఫున, ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ వచ్చారు. ఆయనతో టాంజానియా మాజీ అధ్యక్షుడు బెంజమిన్ మ్‌కాపా, మొజాంబిక్‌కు చెందిన గ్రాసా మషెల్ కూర్చున్నారు. జనవరి 22న దిగిన అన్నన్, ఫిబ్రవరి 28న ఇద్దరి చేతా సంతకాలు పెట్టించే దాకా కదల్లేదు. కిబాకి అధ్యక్షుడిగా, ఒడింగా ప్రధానిగా ఉమ్మడి ప్రభుత్వం.

మన భాషలో చెప్పాలంటే పెద్దమనుషుల రాజీ. రాజీల మీద నాకు పెద్ద గౌరవం లేదు. రాజీ అయినప్పుడల్లా చచ్చినవాడి ఇంటివాళ్లు పక్కన నిలబడే ఉంటారు, వాళ్లను ఎవరూ అడగరు. ఓడినా సరే గొడవ చేస్తే సగం కుర్చీ దొరుకుతుందన్న పాఠం కూడా అందులో ఉంది, ఆ పాఠం పక్క దేశాలూ నేర్చుకుంటాయి. కానీ చంపుకోవడం ఆగింది. అన్నన్ సంతకాలతో సరిపెట్టలేదు కూడా. ఎన్నిక ఎలా జరిగిందో తేల్చడానికి దక్షిణాఫ్రికా జడ్జి యోహాన్ క్రీగ్లర్ కమిషన్, హింస ఎవరు చేయించారో తేల్చడానికి జడ్జి వాకి కమిషన్ వేయించారు. లెక్కలు ఎంత అధ్వానంగా ఉన్నాయంటే ఎవరు గెలిచారో తేల్చడం అసాధ్యమని క్రీగ్లర్ కమిషన్ రాసింది. 2010లో కొత్త రాజ్యాంగం వచ్చింది. నా లెక్కలో అన్నన్ చేసిన అసలు పని ఇదే, ఉమ్మడి ప్రభుత్వం కాదు.

చర్చలు నడుస్తున్నప్పుడు అమెరికా కొందరు నాయకులకు, వ్యాపారులకు మీ వీసాలు పోతాయని లేఖలు పంపింది. దేశం మొత్తం మీద ఆంక్షలు పెడితే దెబ్బ తగిలేది కూలివాడికి. పిల్లల్ని బయట చదివించుకునే పెద్దమనిషికి వీసా పోతుందంటే వాడి ఇంట్లోనే టెన్షన్ మొదలవుతుంది. ఆంక్షలు పనిచేస్తాయా అని అడిగేవాళ్లకు నా జవాబు కూడా ఇదే, వేరేగా రాయను.

చేయించినవాళ్లకు శిక్ష పడిందా?

పడలేదు.

వాకి కమిషన్ అనుమానితుల పేర్లు ఒక సీల్డ్ కవరులో పెట్టి అన్నన్ చేతికిచ్చింది. దేశంలోనే ప్రత్యేక కోర్టు పెట్టుకుంటే సరి, లేకపోతే కవరు హేగ్‌కు పోతుందన్నది షరతు. కెన్యా పార్లమెంటు ఆ కోర్టు పెట్టలేదు. 2009 జులైలో కవరు హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్‌కు చేరింది. మరుసటి ఏడాది చివర ఆరుగురి పేర్లు బయటపెట్టారు. వాళ్లలో ఉహురు కెన్యాట్టా, విలియం రూటో ఉన్నారు. 2007లో వీళ్లిద్దరూ ఎదురెదురు వర్గాలు. కేసు మీద పడేసరికి ఒకటయ్యారు. 2013లో ఒకరు అధ్యక్షుడు, ఒకరు ఉపాధ్యక్షుడు.

ఆ తర్వాత కథ మన జిల్లా కోర్టుల్లో ఫ్యాక్షన్ కేసు చూసినవాళ్లు ఊహించగలరు. సాక్షులు మాట మార్చారు, కొందరు వెనక్కి తగ్గారు, సాక్షులను బెదిరిస్తున్నారని ప్రాసిక్యూషన్ మొత్తుకుంది. 2014 డిసెంబర్‌లో కెన్యాట్టా మీద కేసు ఉపసంహరించారు. 2016 ఏప్రిల్‌లో రూటో కేసు కూడా ఆగిపోయింది. సాక్షి ఉండేది ఊళ్లో, కోర్టు ఉండేది ఏడు వేల కిలోమీటర్ల అవతల. రాత్రి తలుపు తట్టేది ఎవరో వాడికి తెలుసు. హేగ్ కోర్టును తక్కువ చేసి మాట్లాడటం లేదు. సాక్షిని కాపాడలేని న్యాయం దూరం పెరిగే కొద్దీ బలహీనపడుతుందంటున్నాను.

మరి కెన్యాను మంచి ఉదాహరణగా ఎందుకు చెబుతారు?

కొత్త రాజ్యాంగం వల్ల. అధ్యక్ష ఎన్నిక మీద ఫిర్యాదు ఏడు రోజుల్లో వేయాలి, సుప్రీంకోర్టు పద్నాలుగు రోజుల్లో తేల్చాలి అని అందులో రాసుకున్నారు. 2017లో కెన్యాట్టా గెలిచారని ప్రకటించారు. ఒడింగా ఈసారి కోర్టుకు పోయారు. ఓట్ల లెక్కలున్న కంప్యూటర్ సర్వర్లు చూపించమని కోర్టు ఎన్నికల కమిషన్‌ను ఆదేశించింది. కమిషన్ పూర్తిగా చూపించలేదు. సెప్టెంబర్ 1న ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా నాయకత్వంలోని ధర్మాసనం నలుగురు, ఇద్దరు తేడాతో ఆ ఎన్నికనే కొట్టేసింది. ఆఫ్రికాలో పదవిలో ఉన్న అధ్యక్షుడి గెలుపును కోర్టు రద్దు చేయడం అదే మొదటిసారి.

ఇక్కడ పరిశీలకుల సంగతి ఒకటి చెప్పాలి. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ వంటి పెద్దపెద్ద వాళ్లు ఆ ఎన్నికకు పరిశీలకులుగా పోయి, తీర్పు రాకముందే పోలింగ్ బాగా జరిగిందని మెచ్చుకున్నారు. పోలింగ్ బాగానే జరిగింది. తేడా వచ్చింది లెక్కలు పంపించే దగ్గర. క్యూలో ముసలమ్మ ఓటేసి వేలు చూపిస్తుంటే ఫొటో తీసుకోవడం సులువు. అర్ధరాత్రి ఫారం ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూడటానికి నిద్ర మానుకోవాలి.

మళ్లీ జరిపిన ఎన్నికను ఒడింగా బహిష్కరించారు, అప్పుడూ మనుషులు చనిపోయారు. అంతా చక్కబడిందని నేననను. కానీ 2022 నాటికి 46,229 పోలింగ్ కేంద్రాల నుంచి వచ్చిన ఫలితాల పత్రాలను, వాళ్లు ఫారం 34ఎ అంటారు, కమిషన్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టింది. టీవీవాళ్లు, కాలేజీ పిల్లలు కూర్చుని సొంతంగా కూడుకున్నారు. రూటో గెలుపు మీద ఏడుగురు కమిషనర్లలో నలుగురు ఒప్పుకోమని బయటికి వచ్చినా, కోర్టు ఏకగ్రీవంగా ఫలితాన్ని సమర్థించింది. 2007 లాంటి మంటలు లేవలేదు.

మన దగ్గర ఎన్నిక పిటిషన్ 45 రోజుల్లోపు హైకోర్టులో వేయాలి. ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయమని చట్టం అంటుంది. ఆ ఆరు నెలలు ఎన్నేళ్లవుతాయో మీరే లాయర్లను అడగండి. ఈ ఒక్క విషయంలో కెన్యా మనకు మాస్టారు.

వైట్‌నర్ ఎన్నిక అని ఒకటుందట, నిజమేనా?

నిజమే. మలావీ, 2019 మే. ఫలితాల పత్రాల మీద అంకెలను వైట్‌నర్ పూసి మార్చారు. వాళ్లు దాన్ని టిపెక్స్ అంటారు, ఎన్నికకే ఆ పేరు పడిపోయింది. నెలల తరబడి జనం వీధుల్లో నిలబడ్డారు. అయిదుగురు జడ్జీలు బుల్లెట్ ప్రూఫ్ కోట్లు తొడుక్కుని సైన్యం బండిలో కోర్టుకు వచ్చి, 2020 ఫిబ్రవరి 3న గంటల కొద్దీ తీర్పు చదివారు. ఎన్నిక రద్దు. జూన్‌లో మళ్లీ ఎన్నిక జరిగి, అధ్యక్షుడు ముతారికా ఓడారు, లాజరస్ చక్వేరా గెలిచారు. 2025లో అదే చక్వేరా ఓడిపోయి, అదే ముతారికా తిరిగి వచ్చారు. చక్వేరా ఓటమి ఒప్పుకుని దిగిపోయారు. పేద దేశమండీ అది, ప్రపంచంలోనే బాగా పేద దేశాల్లో ఒకటి. ప్రజాస్వామ్యానికి ముందు డబ్బు రావాలనేవాళ్లకు ఈ దేశం పేరు చెప్పండి.

ఆఫీసులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు, రికార్డులో తప్పు పడితే అడ్డంగా గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. వైట్‌నర్ ముట్టుకుంటే ఆడిట్‌వాడు ఊరుకోడు. మలావీ కోర్టు కూడా దాదాపు అదే అంది.

మన దగ్గర అలాంటి కాగితం ఏది సార్?

ఫారం 17సి, అంటే బూతులో పోలైన ఓట్ల లెక్క రాసే కాగితం. దీని గురించి నేను కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

ఉరవకొండ వైపు ఒక ఊరు, పేరు వద్దు. పొద్దున అయిదున్నరకు మాక్ పోల్, కనీసం యాభై ఓట్లు ఏజెంట్ల ముందు వేసి చూపించాలి. తర్వాత సీఆర్‌సీ, అంటే క్లోజ్, రిజల్ట్, క్లియర్. ఏజెంట్లలో ఒకతను చదువుకోలేదు. కానీ యంత్రం మీద సున్నా కనిపించిందా లేదా అని వంగి మరీ చూశాడు. సాయంత్రం పోలింగ్ అయ్యాక క్లోజ్ బటన్ నొక్కి, టోటల్ చూసి, 17ఎ రిజిస్టరులో సంతకాల సంఖ్యతో సరిపోల్చి, 17సిలో రాశాను. బయట రెండు వర్గాలు రోడ్డుకు చెరోవైపు నిలబడి ఉన్నాయి. కరెంటు పోయింది. సెల్‌ఫోన్ టార్చ్ వెలుగులో లక్క కరిగిస్తుంటే మా రెండో పోలింగ్ ఆఫీసర్ చెయ్యి వణుకుతోంది. అప్పుడే బయట ఒక సీసా పగిలింది. ఇద్దరు ఏజెంట్లు కాగితం తీసుకోకుండానే పరిగెత్తారు. చదువు రానతను మాత్రం కదల్లేదు. "నా కాగితం ఇచ్చేస్తే పోతా సామీ" అన్నాడు. సంతకం చేసి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దోపుకున్నాడు.

ఆ కాగితంలో ఎవరికెన్ని ఓట్లన్నది ఉండదు, మొత్తం ఎన్ని పోలయ్యాయన్నదే ఉంటుంది. ఎవరికెన్నో లెక్కింపు రోజు టేబుల్ మీద రెండో భాగంలో రాస్తారు. కానీ లెక్కింపు రోజు యంత్రం చూపించే మొత్తం ఈ కాగితంలోని అంకెతో కలవాలి. కెన్యావాళ్లు బూతులోనే ఎవరికెన్నో లెక్కపెట్టి 34ఎలో రాస్తారు. ఆ ఒక్క తేడా తప్ప పని ఒకటే.

బయటి సైన్యం పోయి ప్రజాస్వామ్యాన్ని కాపాడిన సందర్భం ఏదైనా ఉందా?

ఒకటుంది, గాంబియా. ముందు వాళ్ల ఓటు సంగతి వినండి, పిల్లలకు బాగా నచ్చుతుంది. అక్కడ గోళీతో ఓటేస్తారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు డ్రమ్ము, దాని మీద ఫొటో. పైన గొట్టంలో గోళీ వేస్తే లోపల గంట మోగుతుంది. రెండుసార్లు మోగితే దొంగ ఓటని బయటివాళ్లకు తెలిసిపోతుంది. సైకిల్ బెల్లులాగే వినిపిస్తుందని ఆ రోజు పోలింగ్ కేంద్రాల దగ్గరికి సైకిళ్లు రానివ్వరు.

2016 డిసెంబర్ 1న అక్కడ ఎన్నిక. ఇరవై రెండేళ్లుగా కుర్చీలో ఉన్న యాహ్యా జమే, అడామా బారో చేతిలో ఓడారు. మర్నాడు ఓటమి ఒప్పుకుని టీవీలో ఫోన్ చేసి మరీ అభినందించారు. కమిషన్ లెక్కలో పొరపాటు సరిదిద్దేసరికి తేడా తగ్గింది, గెలుపు మాత్రం మారలేదు. డిసెంబర్ 9న జమే మాట మార్చారు. కమిషన్ ఆఫీసును బలగాలు ఆక్రమించాయి, కమిషన్ ఛైర్మన్ దేశం వదిలి పారిపోవాల్సి వచ్చింది. బారో 2017 జనవరి 19న పక్క దేశం సెనెగల్‌లోని తమ రాయబార కార్యాలయంలో ప్రమాణం చేశారు. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ సైన్యం సరిహద్దు దాటింది. రెండు రోజుల్లో జమే విమానమెక్కి ఈక్వటోరియల్ గినీకి పోయారు. యుద్ధం కాలేదు.

ఇది చూపించి ప్రతి దేశానికీ సైన్యం పంపాలంటే కుదరదు. గాంబియా చిన్న దేశం, సముద్రం వైపు తప్ప మూడు వైపులా సెనెగలే. కూటమి దేశాలన్నీ ఒక్క మాట మీద ఉన్నాయి. పంపింది పొరుగువాళ్లు, ఎక్కడి నుంచో వచ్చిన పెద్ద దేశం కాదు. ఐవరీ కోస్ట్‌లో 2010 ఎన్నిక తర్వాత ఇవేవీ కుదరలేదు. ఐక్యరాజ్యసమితి ఫలానావారే గెలిచారని ధ్రువీకరించినా ఓడిన అధ్యక్షుడు గబాగ్బో దిగలేదు. 2011 ఏప్రిల్‌లో ఆయన్ను పట్టుకునే లోపు దాదాపు 3,000 మంది చనిపోయారు.

కాగితం ఉంటే చాలా?

చాలదు. 2024 జులై 28న వెనిజులాలో ఎన్నిక అయింది. అధ్యక్షుడు మదురో గెలిచారని అక్కడి కమిషన్ ప్రకటించింది, బూతుల వారీ లెక్క మాత్రం బయటపెట్టలేదు. ప్రతిపక్షం ముందే తయారై ఉంది. యంత్రాల నుంచి వచ్చిన చీటీలను ఏజెంట్ల దగ్గర సేకరించి, ఎనభై శాతానికి పైగా బూతులవి ఆన్‌లైన్‌లో పెట్టింది. వాటి ప్రకారం గెలిచింది ప్రతిపక్ష అభ్యర్థి ఎడ్ముండో గొంజాలెజ్. పరిశీలనకు పోయిన అమెరికా సంస్థ కార్టర్ సెంటర్ ఆ ఎన్నికను ప్రజాస్వామ్య ఎన్నికగా పరిగణించలేమంది. అయినా 2025 జనవరిలో మదురోనే మళ్లీ ప్రమాణం చేశారు. వేల మందిని జైళ్లలో వేశారు. కాగితం చూసే కోర్టు లేనప్పుడు కాగితం చరిత్రకు మాత్రం పనికొస్తుంది.

అమెరికాలోనే 2021 జనవరి 6న అంత గొడవైంది కదా, వాళ్లు వేరే దేశాలకు ఏం చెబుతారు?

ఈ ప్రశ్న అడగని బ్యాచ్ లేదు. అడగాల్సిన ప్రశ్నే. ఎన్నికలో ఓడిన ట్రంప్ మద్దతుదారుల గుంపు క్యాపిటల్‌లోకి, అంటే వాళ్ల పార్లమెంటు భవనంలోకి, దూసుకొచ్చినప్పుడు సెనేట్ సిబ్బంది చేసిన ఒక పని నాకు బాగా గుర్తుండిపోయింది. రాష్ట్రాల నుంచి వచ్చిన ఎలక్టోరల్ ఓట్ల పత్రాలున్న చెక్కపెట్టెలను మోసుకుని బయటపడ్డారు. రాత్రికి సభ మళ్లీ కూర్చుని తెల్లవారుజామున లెక్క పూర్తి చేసింది. డ్యూటీ చేసినవాడికి ఆ పెట్టెల బరువు తెలుసు. 2022లో చట్టం మార్చి, ఒక రాష్ట్రం ఓట్ల మీద అభ్యంతరం చెప్పాలంటే రెండు సభల్లోనూ అయిదో వంతు సభ్యులు కావాలన్నారు. అంతకుముందు సభకొకరు చాలేవారు. ఆ రోజు కేసుల్లో ఉన్న దాదాపు 1,500 మందికి 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. ఇక వాళ్లు పక్కవాళ్లకు నీతులు చెబితే ఎవరు వింటారో మీరే చూసుకోండి.

బ్రెజిల్‌ది వేరే దారి. 2023 జనవరి 8న బ్రసీలియాలో పార్లమెంటు, సుప్రీంకోర్టు, అధ్యక్ష భవనం మూడింటి మీదా ఎన్నికలో ఓడిన మాజీ అధ్యక్షుడు బొల్సొనారో మద్దతుదారుల గుంపులు పడ్డాయి. మర్నాడే అధ్యక్షుడు లూలా రాష్ట్రాల గవర్నర్లను పిలిపించుకుని, అందరూ కలిసి పగిలిన అద్దాల మధ్య సుప్రీంకోర్టు దాకా నడిచారు. ఆ గవర్నర్లలో బొల్సొనారో వైపువాళ్లూ ఉన్నారు. ఎన్నికల కోర్టు బొల్సొనారోను 2030 దాకా పోటీకి అనర్హుడిని చేసింది. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆయనకు 27 ఏళ్ల 3 నెలల జైలు వేసింది. మన ఊళ్లలో గొడవైన మర్నాడు రెండు పార్టీల నాయకులు కలిసి ఆ వీధిలో నడవడం నేనైతే చూడలేదు.

మన దేశం ఏం చేస్తుంది?

మాట్లాడటం తక్కువ. వాళ్ల అంతర్గత వ్యవహారమని ఒక ముక్క అని ఊరుకుంటుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు ప్రకటనలిచ్చే దేశాల కంటే అదే నయమని కొందరంటారు, నేను పూర్తిగా ఒప్పుకోను. పని మాత్రం చేసింది. మన మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ 1953లో సూడాన్ పోయి అక్కడి మొదటి ఎన్నిక జరిపించి వచ్చారు. మైసూరులో తయారయ్యే వేలి సిరా చాలా దేశాలకు పోతుంది. 2014లో నమీబియా మన బెంగళూరులో తయారైన ఓటింగ్ యంత్రాలతో ఎన్నిక జరుపుకుంది. గ్రూప్ 2 పిల్లలు ఈ మూడూ రాసిపెట్టుకోండి, బిట్లుగా రావచ్చు.

మా అన్న అలాంటి దేశంలో ఉద్యోగం చేస్తున్నాడు. గొడవ మొదలైతే ఏం చేయాలి?

మొదలవ్వక ముందే చేయాల్సినవి ఎక్కువ. అక్కడి భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోమనండి. పాస్‌పోర్టు, వీసా కాపీలు ఇంట్లో ఒక సెట్ పెట్టుకోండి. పోలింగ్ రోజు నుంచి ఫలితం వచ్చి నాలుగు రోజులయ్యే దాకా ఊరు దాటి ప్రయాణాలు వద్దు. పది రోజుల బియ్యం, తాగే నీళ్లు, చేతిలో నగదు ఉండాలి. 2021లో ఉగాండాలో, 2025 అక్టోబర్‌లో టాంజానియాలో ఎన్నిక సమయానికి ఇంటర్నెట్ ఆపేశారు. ఫోన్‌పే అలవాటు మీద ఉంటే ఆ రోజు పాలు కూడా దొరకవు. వాట్సాప్ పనిచేయకపోతే మామూలు ఫోన్ చేయడానికి నంబర్లు కాగితం మీద రాసి ఉండాలి.

ఊరేగింపు చూడటానికి కూడా పోవద్దు. వీడియో తీసి ఊరికి పంపడం అసలే వద్దు. ఇక్కడ మీ అమ్మ భయపడుతుంది, అక్కడ పోలీసు ఫోన్ లాక్కుంటాడు. సాయం అందకపోతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచి మీరే ఫిర్యాదు పెట్టొచ్చు. రాష్ట్రంలో ప్రవాస తెలుగువాళ్ల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ కూడా ఉంది. రెండు చోట్లా పెట్టండి.

ఇక్కడ కూర్చుని మనం వాళ్ల ప్రజాస్వామ్యానికి చేయగలిగింది ఏదైనా ఉందా?

చాలా తక్కువ. పాత వీడియోకు కొత్త దేశం పేరు పెట్టి ఫార్వర్డ్ చేయకుండా ఉండటం ఒకటి. ఆ దేశం నుంచి మన యూనివర్సిటీల్లో చదువుకునే పిల్లలుంటే, గొడవ రోజుల్లో పిలిచి అన్నం పెట్టడం ఒకటి. ఇంట్లోవాళ్ల ఫోన్ కలవనప్పుడు ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి.

ఆ ఏజెంటు మళ్లీ కనిపించాడా సార్?

ఇది రాధ అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. కనిపించాడు, చాలా ఏళ్ల తర్వాత గుంతకల్లులో ఒక పెళ్లిలో. నేను గుర్తుపట్టలేదు, అతనే వచ్చి పలకరించాడు. అన్నాలు తిన్నాక చొక్కా జేబులోంచి రేషన్ కార్డు ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నాలుగు మడతల కాగితం. మడతలు చిరగడం మొదలయ్యాయి. అతని అభ్యర్థి ఆ ఎన్నికలో ఓడిపోయాడు. మరి ఎందుకు దాచుకున్నావయ్యా అన్నాను.

"మా బూతు లెక్క ఇదే గదా సామీ" అన్నాడు. అడుగున నా సంతకం ఉంది, లక్క చుక్క ఒకటి పడి ఎర్రగా అంటుకుపోయి ఉంది.